గోడ మీది కన్ను

మైదా ఉడికే వాసన వస్తే మీకేం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం రాబోయే సినిమా గుర్తొస్తుంది.

మొన్న మేలో చిన్నమామ సంవత్సరీకానికి తిరుపతి వెళ్లాను. కార్యం అయిపోయింది, భోజనాలయ్యాయి, ఎండకు భయపడి తలుపులు దగ్గరగా వేసుకుని అందరం తలా ఒక మూల ఒరిగాం. నిద్ర పట్టీ పట్టకుండా ఉన్నప్పుడు వంటింట్లోంచి ఆ వాసన వచ్చింది. లేచి వెళ్లాను. అత్త చిన్న గిన్నెలో మైదాగంజి కాస్తోంది. మనవరాలికి బడి తెరవకముందే పుస్తకాలు ఇచ్చేశారట, అట్టలు వేయాలట.

"గమ్ము డబ్బా నాలుగు పుస్తకాలకే అయిపోతాది నాయనా. ఇదైతే గట్టిగా పట్టుకుంటాది" అంది, గరిటెను గిన్నె అంచు నుంచి లోపలికి తిప్పుతూ. అది మామ తిప్పే తిప్పుడే. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేస్తే చేతివాటం కూడా అంటుకుంటుంది కాబోలు.

మా చిన్నమామ సినిమా పోస్టర్లు అంటించేవాడు. అమ్మకు ఆఖరి తమ్ముడు. చదువు అబ్బలేదని తాత ఒక హాలు మేనేజరు కాళ్లావేళ్లా పడి ఆ పనిలో పెట్టించాడు. తాత దృష్టిలో అది ఉద్యోగమే కాదు. మా పిల్లల దృష్టిలో మాత్రం కలెక్టరు కూడా మామ తర్వాతే.

*

కొర్లగుంటలో అవ్వ వాళ్లిల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. వేసవి సెలవులు ఇచ్చిన రాత్రి నుంచే నా చాప అక్కడికి మారిపోయేది. తెల్లవారుజామున నాలుగింటికి పెరట్లో మూడు ఇటుకల పొయ్యి వెలిగేది. నల్లగా మసిబారిన తగరపు డబ్బాలో నీళ్లు మరుగుతుండేవి. ఈలోపల మామ ఇంకో గిన్నెలో మైదాను చన్నీళ్లతో ఉండలు కట్టకుండా చేత్తో పిసికి పిసికి కలిపి, ఆ పిండినీళ్లను మరిగే నీళ్లలో సన్నటి ధారగా పోసేవాడు. కట్టెతో ఆపకుండా తిప్పాలి. ఆపితే అడుగంటుతుంది, అడుగంటితే ఆ రోజు పోస్టరంతా మాడు మరకలే. తెల్లగా ఉన్నది కాసేపటికి చిక్కబడి, అద్దంలా మెరుపు తేలి, పుట్‌పుట్‌మని బుడగలు వేసేది. అప్పుడు నీలం రంగు రాళ్లలాంటి మైలుతుత్తం పొడి చేసి చిటికెడు వేసేవాడు.

"అదెందుకు మామా?"

"ఆవులు తినకుండా ఉండేదానికి రా అల్లుడూ."

నవ్వకండి. ఆ రోజుల్లో తిరుపతి ఆవులకు గడ్డి కంటే హీరోలే ఎక్కువ దొరికేవాళ్లు. మైదా రుచి మరిగిన ఆవు పోస్టరును ఒక మూల నుంచి పట్టి లాగితే హీరో నడుము దాకా వచ్చేసేవాడు. మైలుతుత్తం విషం కాబట్టి ఆ డబ్బా జోలికి మమ్మల్ని రానిచ్చేవాడు కాదు. మామ గోళ్ల చుట్టూ సన్నటి నీలిగీత ఎప్పుడూ ఉండేది. పెళ్లిచూపులకు వెళ్లిన రోజు నిమ్మచెక్కతో ఎంత రుద్దినా పోలేదని అవ్వ చెప్పేది.

ఐదింటికి సైకిలు బయల్దేరేది. క్యారియర్ మీద పోస్టర్ల చుట్ట, హ్యాండిల్‌కు గంజి డబ్బా, చేతిలో పొడుగాటి కర్రకు కట్టిన బ్రష్షు, ముందు కడ్డీ మీద నేను. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, గోవిందరాజస్వామి గుడి వీధులు, రైల్వేస్టేషన్ ఎదుటి సందులు. గోడకు ఒక పూత, దాని మీద కాగితం, కాగితం మీద ఇంకో పూత. ఆ రెండో పూత వేసేటప్పుడు బ్రష్షు మధ్యలోంచి అంచులకు పోవాలి, లేకపోతే గాలి బుడగలు నిలిచిపోయి ఎండకు చిట్లుతాయి. పెద్ద పోస్టరైతే ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఆరు షీట్లు, పన్నెండు, ఒక్కోసారి ఇరవై నాలుగు. నిద్రమత్తులో ఒకరోజు ముక్కలు తారుమారై హీరోయిన్ పెదవి మీద హీరో మీసం వచ్చి కూర్చుంది. తెల్లారేసరికి అక్కడ జనం. హాలు మేనేజరు తిట్టాడు గానీ, ఆ రోజు మ్యాట్నీకి మామూలు కంటే జనం ఎక్కువే వచ్చారని మామ చనిపోయేదాకా వాదించాడు.

*

మిగిలిపోయిన షీట్లు ఇంటికి వచ్చేవి. పాఠం పుస్తకాల అట్టలు, అలమరాలో పరుపులు, పప్పుల డబ్బా మూతలు, అన్నీ సినిమాలే. నా లెక్కల పుస్తకం మీద ఒక ఏడాదంతా ఎవరిదో చెప్పు, సగం మోటారు సైకిలు ఉండేవి.

అవ్వ వాళ్ల వంటింటి గోడ సున్నం పెచ్చులు ఊడి సాంబారులో పడుతోందని గొడవ జరిగితే, మామ ఒక పెద్ద షీటు తెచ్చి రోలు వెనక గోడకు అంటించేశాడు. ఆ షీటులో ఉన్నది ఒక కన్ను. ఒకే ఒక్క ఎడమ కన్ను, పైన కనుబొమ, పక్కన చెంప కొంచెం, ఎర్రగా ఏదో దెబ్బ మరక. పళ్లెమంత పెద్దది. రుబ్బుతుంటే రుబ్బేవాళ్లను చూస్తుంది, అన్నం తింటుంటే తినేవాళ్లను చూస్తుంది.

అవ్వకు అది అస్సలు నచ్చలేదు. "యాడికి పోయినా చూస్తాండాడు రా వాడు" అని తిట్టి, తిట్టి, చివరికి అలవాటు పడిపోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన అత్త మాత్రం కొన్ని నెలలపాటు ఆ గోడ వైపు వీపు పెట్టి కూర్చునే కూరలు తరుక్కునేదట. పరాయి మగాడి ఎదురుగా పని చేసుకున్నట్టుండేదట.

ఆ కన్ను ఎవరిది? ఇది మా ఇంట్లో ఎప్పటికీ తెగని తగాదా. చిరంజీవి అని నేను. కృష్ణ అని నాన్న. కనుబొమ చూసి బాలకృష్ణ అని పెద్దమ్మ కొడుకు. అసలది హీరోదే కాదు, విలన్‌ది అని అమ్మ. మామను అడిగితే గంజి చెయ్యి తుడుచుకుంటూ ఒకటే జవాబు: "రాబోయే చిత్రంలో చూడండి."

*

ఊరికంటే ఒక రాత్రి ముందు మాకు రాబోయే సినిమా తెలిసేది. అది మా పరపతి. పోస్టరు చుట్ట విప్పుతుంటే మొదట కాళ్లు కనిపిస్తాయి, తర్వాత నడుము, తర్వాత ముఖం. శివకాశి నుంచో మద్రాసు నుంచో వచ్చిన ఆ కాగితంలో సిరా వాసన ఇంకా పచ్చిగా ఉండేది. మర్నాడు వీధిలో గోలీలాడుతూ ఆ సంగతి చెప్పీచెప్పకుండా చెబితే నాలుగు గోలీలు ఊరికే వచ్చేవి.

మిగతా ఊరికి సంగతులు తెలియాలంటే మంగలి షాపులో సితార, జ్యోతిచిత్ర తిరగేయాలి. అందులో బొమ్మలు సగం ఎవరో అప్పటికే కత్తిరించుకుపోయి ఉండేవాళ్లు. లేకపోతే మైకు కట్టిన జీపు రావాలి. జీపు వెనకాల పరిగెత్తితే గులాబీ రంగు, పసుపు రంగు కరపత్రాలు గాల్లో ఎగిరేవి. హాల్లో ఇంటర్వెల్‌లో పళ్లపొడి స్లైడుకూ చీరల కొట్టు స్లైడుకూ మధ్య ఒక్క క్షణం 'త్వరలో' అని ఒక బొమ్మ పడితే అక్కడికక్కడే ఈలలు.

తేదీ మాత్రం ఎవరూ చెప్పేవాళ్లు కాదు. దానికి మామ దగ్గర ఒక నిఘంటువు ఉండేది. 'త్వరలో' అంటే మూడు నెలలు. 'అతి త్వరలో' అంటే నెల. 'వేసవి కానుక' అంటే దేవుడి దయ. కొన్ని సినిమాలు 'త్వరలో' దగ్గరే ముసలివైపోయాయి. వాటి పోస్టర్లు ఎండకు తెల్లబడి, హీరో ముఖం మీద ఇంకో సినిమా వచ్చి, దాని మీద ఎన్నికల కాగితం వచ్చి, ఆ గోడ అట్టలా మందమైపోయేది. వానాకాలంలో అది మొత్తంగా ఊడిపడితే ఒక ఏడాది సినిమాలన్నీ ఒకేసారి కింద పడ్డట్టు.

పెద్ద సినిమాలు వేసవికే ఎందుకొస్తాయో చిన్నప్పుడు ఆలోచించలేదు. మాకోసమే అనుకున్నాం. పరీక్షలైపోతాయి, పెళ్లిళ్లకు చుట్టాలు దిగుతారు, ఇంట్లో ఉడకలేక జనం ఫ్యాను ఉన్న చోటికి పోతారు. ఇవి అన్ని ఊళ్లకూ ఉన్న కారణాలే. తిరుపతికి ఇంకొకటి ఉంది: గుండ్లు. వేసవి సెలవుల్లో కొండకు వచ్చే జనం అంతా ఇంతా కాదు. దర్శనం చేసుకుని కిందికి దిగుతారు, రైలు రాత్రికి ఉంటుంది, సామాన్లు సత్రంలో ఉంటాయి. ఇక వెళ్లేది ఎక్కడికి? అందుకే మా ఊళ్లో నేల టికెట్లో కూర్చుంటే ముందు వరుసల నిండా గుండ్లే. వాటికి పూసుకున్న గంధం ఫ్యాను గాలికి ఆరుతూ హాలంతా వాసన. తెర మీద పగటి సీను వస్తే ఆ వెలుగు గుండ్ల మీద పడి వరసగా మెరిసేది. వేరే ఊళ్లో సినిమా చూస్తే నాకు ఇప్పటికీ ఏదో తక్కువైనట్టు ఉంటుంది. గంధం వాసన లేకపోవడమే అది.

ఇంకో మాట. మా ఊళ్లో, చిత్తూరులో హాళ్ల పేర్లే దారులు చెబుతాయి. లీలామహల్ సర్కిల్, వి.వి.మహల్ రోడ్డు, చిత్తూరులో ఎం.ఎస్.ఆర్. సర్కిల్. పోస్టాఫీసు పేరుతో గానీ బ్యాంకు పేరుతో గానీ దారి చెప్పేవాళ్లు మాకు తక్కువ.

*

1990 మే 9. తేదీలు గుర్తుంచుకునే అలవాటు నాకు లేదు గానీ, ఇది మర్చిపోయే తేదీ కాదు. రాఘవేంద్రరావు గారి 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదల. చిరంజీవి, శ్రీదేవి, ఇళయరాజా. పైగా శ్రీదేవి వాళ్లమ్మది తిరుపతి. దాంతో అవ్వ ఆ పిల్ల మనకు ఏదో వరస అవుతుందని వారం ముందు నుంచే చెప్పుకొచ్చింది. ఏ వరసో అడిగితే కోపం.

అదే రోజున కోస్తాను తుఫాను కొట్టింది. కృష్ణా జిల్లా వైపు ఊళ్లకు ఊళ్లు పోయాయని రేడియో చెబుతోంది. నాన్న గ్లాసులో కాఫీ చల్లారిపోతున్నా రేడియో దగ్గర నుంచి లేవలేదు. మాకు వానే, కానీ మే నెలలో అలాంటి వాన అంతకుముందు చూడలేదు. మామ ముందు రోజు రాత్రి ఊరంతా అంటించిన దేవకన్య తెల్లారేసరికి కాలవల్లో ఉంది. ఆయన మళ్లీ గంజి కాచాడు. మళ్లీ అంటించాడు. మళ్లీ కారిపోయింది. మూడోసారి పెరట్లో పొయ్యి వెలగక వంటింట్లో కాస్తుంటే, అవ్వ, "ఈ వానలో ఎవురు వస్తార్రా సినిమాకి, ఊరుకో" అంది.

ఎవరు వచ్చారని అడగండి! మేం వెళ్లేసరికి హాలు గేటు బయట గోనెసంచులు కప్పుకుని, ప్లాస్టిక్ కాగితాలు కప్పుకుని, ఏమీ కప్పుకోకుండా జనం. కొండ మీంచి దిగిన గుండ్లు వానకు నిగనిగలాడుతున్నాయి. టికెట్ల క్యూ అంటే రెండు గోడల మధ్య ఒక మనిషి పట్టే సందు, పైన ఇనుప జాలీ. ఆ జాలీ మీద పాకుతూ ముందుకు పోయేవాళ్ల కాళ్లు మా తలలకు తగులుతుండేవి. మామ తెలిసినవాడు కాబట్టి మాకు పక్క గేటు. లోపల రేకుల కప్పు మీద వాన మోతకు మొదటి పది నిమిషాలు మాటలే వినపడలేదు. మా వరస మధ్యలో ఒకచోట ధారగా కారుతుంటే అక్కడ కూర్చున్నాయన లేవలేదు. లేస్తే సీటు పోతుంది. తువ్వాలు నెత్తిన వేసుకుని మూడు గంటలూ తడుస్తూ చూశాడు. శ్రీదేవి ఆకాశం నుంచి దిగినప్పుడు ఆ మోతలోనూ ఒక అరుపు లేచింది. నా పక్కన అవ్వ, "చూస్తివా, మా ఊరి ముక్కు" అంది.

ఆ మర్నాడు పేపర్లో తుఫాను బొమ్మలు చూశాక, నిన్న అంత గోల చేసినందుకు కొంచెం సిగ్గేసింది నాకు. పదకొండేళ్ల వయసులో ఆ సిగ్గు ఎంతసేపుంటుంది? సాయంత్రానికి మళ్లీ గేటు దగ్గరున్నాను.

సరిగ్గా ఏడాదికి, 1991 మే 9న 'గ్యాంగ్ లీడర్' వచ్చింది. దాంతో మామకు మే 9 పండగ రోజైపోయింది. ఆయన కంటే పెద్దవాళ్లకు ఏప్రిల్ 28 మీద గురి. 1977లో ఎన్టీఆర్ 'అడవి రాముడు' వచ్చింది ఆ రోజే. తర్వాత 2006లో 'పోకిరి', 2017లో రెండో 'బాహుబలి' కూడా అదే తేదీకి వచ్చేసరికి ఆ పెద్దవాళ్లు మామతో, "ఏం రా, మా తేదీ ఎట్లా ఉండాది?" అని మీసం తిప్పేవాళ్లు. తిథులు, నక్షత్రాలు ఇంత శ్రద్ధగా చూసే మనుషుల్ని నేను పురోహితుల్లో కూడా చూడలేదు.

*

మామకు పోస్టర్లతో పాటు ఇంకో పని తగిలింది. ప్రింటు ఒక్కటి, హాళ్లు రెండు. కొత్త సినిమాలకు అప్పుడప్పుడు అలా జరిగేది. ఒక హాల్లో ఆట ముప్పావుగంట ముందు మొదలవుతుంది, అక్కడ అయిపోయిన రీళ్లు డబ్బాల్లో పెట్టుకుని రెండో హాలుకు పరిగెత్తాలి. వెయ్యి అడుగుల రీలు దాదాపు 11 నిమిషాలు ఆడుతుంది. మామ చేతికి గడియారం లేదు. ఊళ్లో దూరాలన్నీ ఆయనకు రీళ్లే. "బస్టాండా? రీలు దూరం." "మీ బడా? సగం రీలు."

అది గంగమ్మ జాతర వారం. తిరుపతిలో మే నెల అంటే తాతయ్యగుంట గంగమ్మ జాతర. మగాళ్లు చీరలు కట్టి, జడలు వేసి, పూలు పెట్టుకుని వేషాలతో వీధుల నిండా తిరుగుతారు. బూతులు తిడతారు, అది మొక్కు. సైకిలు వెనక నాలుగు డబ్బాలు, ముందు నేను, మామ తొక్కుతున్నాడు. ఒక మలుపు తిరిగేసరికి డప్పులు, జనం. ముందుకు లేదు, వెనక్కి లేదు. అవతలి హాల్లో తెర తెల్లబడి ఎన్ని నిమిషాలైందో తెలియదు. మామకు టెన్షన్‌తో చెమట కాలవలు.

అప్పుడు పట్టుచీర కట్టి, వడ్డాణం పెట్టి, గుబురు మీసం ఉన్న ఒకాయన మా సైకిలును చూశాడు. "ఏందిరా అవి?" అన్నాడు. మామ సినిమా పేరు చెప్పాడు. అంతే, ఆయన చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో జనాన్ని తోస్తూ, నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూ మాకు దారి చేశాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను గానీ, అంబులెన్సుకు కూడా అంత దారి రాదు.

హాలుకు చేరేసరికి కుర్చీలు విరుస్తున్న చప్పుడు బయటికే వినిపిస్తోంది. కంగారులో డబ్బాలు తారుమారయ్యాయి. ఏ రీలు ముందు పడిందో ఏమో, ఒళ్లో ప్రాణం వదిలిన హీరోయిన్ మరు నిమిషంలో ఊటీలో పసుపు చీర కట్టుకుని పాట పాడింది. ఒక్కరు కూడా గొడవ చేయలేదు. చచ్చిపోయిన పిల్ల మళ్లీ వచ్చింది కదా, సంతోషం.

తర్వాత ఎప్పుడో ఈ కథ అత్తకు చెబుతూ మామ ఆ మీసాలాయన నడక చేసి చూపించేవాడు. 2024 డిసెంబరులో వచ్చిన రెండో 'పుష్ప'లో అల్లు అర్జున్ చీర కట్టి జాతర చేస్తే దేశమంతా నోరెళ్లబెట్టింది. మామకు మాత్రం ఆశ్చర్యమేం లేదు. "మనకు దారి చేసినోడు ఇంతకంటే బాగుండె" అన్నాడు ఫోనులో. మా చిత్తూరు యాస హీరో నోట్లో వినపడటం మాత్రం ఆయనకు బాగా నచ్చింది. అంతకుముందు తెర మీద మా మాట వినపడిందంటే నవ్వించేవాడిదో, నరికేవాడిదో అయ్యుండేది.

*

సెలవుల్లో చివరి పదిరోజులు చిత్తూరులో పెద్దమ్మ ఇంట్లో. బయట బండ్ల నిండా మామిడికాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంటాయి, ఊరంతా తియ్యటి పులుపు వాసన. అరవ దేశం అక్కడికి ఎంతో దూరం లేదు కాబట్టి అరవ సినిమాలు కూడా ఆడేవి. మాట అర్థమయ్యేది కాదు. పెద్దనాన్న చెవిలో తెలుగులో చెబుతుంటే వెనకవాళ్లు ఊరుకోమనేవాళ్లు. రజనీకాంత్‌కు తర్జుమా అక్కర్లేదని అక్కడే తెలిసింది.

ఈ అభిమానుల లెక్కల్లో ఒక వింత ఉంది. వసూళ్లు చెప్పేటప్పుడు నైజాం, ఆంధ్ర, సీడెడ్ అంటారు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదులుకున్న దత్తమండలాలే ఈ సీడెడ్. నిజానికి మా తిరుపతి, చిత్తూరు అందులో లేవు. అవి ఉత్తర ఆర్కాటువి, 1911లో చిత్తూరు జిల్లా కట్టేదాకా. అయినా సినిమావాళ్ల చీటీలో మేమూ సీడెడే. మేం కూడా 'సీడెడ్‌లో మావాడికి తిరుగులేదు' అని చొక్కా చించుకునేవాళ్లం. చరిత్ర సార్లు చెప్పాల్సిన సంగతి ఇది, ఎవరూ చెప్పలేదు.

*

ఫ్లెక్సీలు వచ్చాక మామ పని పోయింది. ఒక్కరోజులో పోలేదు. మొదట పెద్ద పోస్టర్లు పోయాయి, తర్వాత చిన్నవి, చివరికి '50వ రోజు' అని అంటించే స్లిప్పులు కూడా పోయాయి. ఏభై రోజులు ఆడే సినిమాలే లేవుగా. రీళ్లు కూడా పోయి కంప్యూటర్ డబ్బాలు వచ్చాయి. మామను హాల్లో సైకిల్ స్టాండు టోకెన్లకు పెట్టారు. నేను హైదరాబాదు నుంచి వెళ్లినప్పుడు ఒకసారి ఆ గేటు దగ్గర నిలబడి, మిద్దె ఎత్తు ఫ్లెక్సీ వైపు చూస్తూ ఒక మాట అన్నాడు. "దీన్ని ఆవు కూడా తినదు రా అల్లుడూ."

2015 జూన్‌లో మొదటి 'బాహుబలి' పాటల పండగ మా యూనివర్సిటీ మైదానంలోనే జరిగింది. మామ వెళ్లాడు. ఏం కనిపించిందని అడిగితే, "జనం కనిపించినారు. మిగతాది టీవీలో చూస్తి" అన్నాడు.

ఇప్పుడు రాబోయే సినిమాకు తేదీ రెండేళ్ల ముందే చెబుతారు. తర్వాత మారుస్తారు. మార్చినదాన్ని కూడా మారుస్తారు. గ్లింప్స్, టీజర్, పాట, ఇంకో పాట, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్ అన్నీ చూశాక సినిమాలో చూడాల్సింది ఇంకేం మిగిలిందా అనిపిస్తుంది నాకు. నేను కూడా ఆ టీజర్లన్నీ రాత్రి పన్నెండింటికి మేలుకుని చూస్తాననుకోండి. వేసవి కూడా వెనకటి వేసవి కాదు. 2008 నుంచి ఐపీఎల్ వచ్చి సాయంత్రాలు పట్టుకుపోయింది. పెద్దవాళ్లు సంక్రాంతికీ దసరాకీ జరిగిపోతున్నారు. 'కల్కి'ని 2024 మే 9కి అని చెప్పి, ఎన్నికలు అడ్డొచ్చి జూన్ 27కు జరిపారు. మాకు పోలింగు మే 13. మామ ఓటు వేసి వచ్చి ఫోన్ చేసి, "ఓటుదేముంది రా, మే 9 పోగొట్టినారు" అని బాధపడ్డాడు.

పోయిన ఏడాది, అంటే 2025 మే 9న, ఆ దేవకన్య సినిమాను 35 ఏళ్లకు త్రీడీ చేసి మళ్లీ విడుదల చేశారు. అప్పటికి మామ మంచం మీదే ఉన్నాడు. హైదరాబాదులో నేను నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ఇంటర్వెల్‌లో ఫోన్ చేశాను. జనం బాగా వచ్చారు, ఏసీ చల్లగా ఉంది, శ్రీదేవి అలాగే ఉంది అని చెప్పుకుపోతున్నాను. అవతల ఊపిరి చప్పుడు. కాసేపటికి అడిగాడు.

"వాన పడతాండాదా?"

లేదన్నాను. "అయితే పోస్టర్లు నిలుస్తాయిలే" అన్నాడు. ఆ నెల దాటలేదు ఆయన.

*

గిన్నె దింపి అత్త గంజి చల్లారబెడుతుంటే మామ కొడుకు వచ్చాడు. వచ్చే నెలలో వంటింటి గోడ కొట్టేసి టైల్స్ వేయిస్తున్నాడట. ఎంత మందం ఉందో చూడమని నాకు చూపించడానికి ఫ్రిజ్ పక్కకు జరిపాడు.

కన్ను అక్కడే ఉంది. రంగు చాలావరకు పోయింది, ఎర్ర మరక గోధుమరంగుకు తిరిగింది, కనుబొమలో సగం చెద తినేసింది. అయినా చూస్తోంది. నిద్ర లేచి వచ్చిన అమ్మ అది చూసి, "ఇంకా ఉండాడా వీడు" అంది. అంతే, మళ్లీ మొదలు. చిరంజీవి అని నేను. నాన్న లేడు కాబట్టి ఆయన తరఫున అమ్మ కృష్ణ అని పట్టుబట్టింది. వెనకటి విలన్ మాట గుర్తుచేస్తే, తను అలా అననే లేదంది. అత్తను అడిగితే, "ఒక్కసారి, చివర్లో, ఆస్పత్రిలో అడిగితి నాయనా" అంది.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? అదే అన్నాడు."

మనవరాలికి ఈ తగాదా అంతా వింతగా ఉంది. వాళ్ల నాన్న ఫోను లాక్కుని, గోడకు దగ్గరగా పెట్టి కన్నును ఫొటో తీసింది. ఫోను పట్టేస్తుందట, ఎవరిదైనా చెప్పేస్తుందట. అందరం మెడలు చాపి చూశాం. గుండ్రం కాసేపు తిరిగింది. తర్వాత ఊళ్లో ఉన్న కంటి ఆసుపత్రులు వరసగా వచ్చాయి, ఏ ఆసుపత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో కూడా.

"చాల్లే పాప, గంజి గడ్డకడతాది. పుస్తకాలు తీసుకురా" అంది అత్త.